పెంపుడు పాము పిల్లల తిండి, నివాసం: సమస్యలు, మూలాలు, చక్కదిద్దే క్రమం

పాము పిల్లలకు తల్లి పెంపకం దాదాపు ఉండదు. బాల్ పైథాన్ తల్లి గుడ్లను చుట్టుకుని పొదుగుతుంది. గుడ్డు చీల్చుకుని బయటికి వచ్చిన పిల్లకు మాత్రం అది తిండి పెట్టదు. మొదటి రోజు నుంచే పిల్ల వెచ్చని చోటును, దాక్కునే చాటును, నోటికి పట్టే ఎరను తానే వెతుక్కోవాలి. పెంపకంలో ఉన్న పిల్లకు ఈ వెతుకులాటకు వీలు లేదు. పెట్టెలో మనిషి ఎంత వేడి, ఎంత తేమ, ఎంత చాటు అమర్చితే అంతే దానికి అందుతుంది. ఆ అమరిక తప్పినప్పుడు పిల్ల అన్నిటికన్నా ముందు మానేసేది తిండి. ఆ తరువాత ఒంట్లో నీరు తగ్గుతుంది, కుబుసం ముక్కలుగా ఊడుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు పడుతుంది. అందుకే పెంపకందారులు తిండి సమస్యగా చెప్పుకునేది చాలా సందర్భాల్లో నివాస సమస్యే. ఈ రంగంలో జరిగిన పరిశోధనను, పశువైద్యుల అనుభవాన్ని కలిపి చూస్తే ఒక క్రమం స్పష్టమవుతుంది. మొదట నివాసాన్ని సరిచేయాలి. అది కుదిరాక ఎరను మార్చి చూడాలి. బలవంతంగా తినిపించడం చిట్టచివరి మెట్టు.

రెండు జాతులు

అమెరికా, యూరప్ ఇళ్లలో ఎక్కువగా పెరిగే పాములు రెండు: బాల్ పైథాన్, కార్న్ స్నేక్. పిల్లల పెంపకంపై అనుభవం ఎక్కువగా పోగైనదీ వీటి మీదే. రెండూ విషం లేనివే, రెండూ ఎరను చుట్టి బిగించి చంపేవే. అయినా వాటి పుట్టుక, అలవాట్లు వేరు కాబట్టి సమస్యలూ వేరుగానే ఉంటాయి.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా జీవి. పగలంతా ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ ఉండి, చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. ఆడపాము ఒక కాన్పులో సాధారణంగా అయిదారు గుడ్లు పెడుతుంది. 31, 32 డిగ్రీల సెల్సియస్ వేడిలో అవి దాదాపు రెండు నెలలకు పగులుతాయి. పిల్ల బరువు 50 నుంచి 80 గ్రాముల మధ్య ఉంటుంది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఏటా పెద్ద సంఖ్యలో పిల్లలు ఎగుమతి అవుతాయి. వాటిలో చాలావరకు అడవిలో పట్టిన చూలుపాముల గుడ్ల నుంచో, అడవి నుంచి తెచ్చిన గుడ్ల నుంచో పుట్టినవి. దూర ప్రయాణపు బడలిక, పరాన్నజీవుల బెడద వీటిలో ఎక్కువ. తరతరాలుగా పెంపకంలోనే పుడుతున్న పాముల పిల్లలు వీటికన్నా తేలిగ్గా తిండికి అలవాటు పడతాయి.

కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది. ఒక కాన్పులో పది నుంచి ముప్పై దాకా గుడ్లు పెడుతుంది. పిల్ల పెన్సిల్ కన్నా సన్నగా, ఆరేడు గ్రాముల బరువుతో పుడుతుంది. ఇంత చిన్న శరీరంలో నిల్వ ఉండే శక్తి తక్కువ. బాల్ పైథాన్ పిల్ల కొన్ని వారాలు పస్తును ఓర్చుకోగలదు. కార్న్ స్నేక్ పిల్లకు అంత వ్యవధి లేదు.

పిల్ల తినకపోవడానికి మూలాలు

అప్పుడే పుట్టిన పిల్ల కడుపులో గుడ్డు సొన కొంత మిగిలి ఉంటుంది. మొదటి కుబుసం విడిచేదాకా అదే దాని ఆహారం. ఇందుకు సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆలోగా ఎర చూపినా పిల్ల సాధారణంగా ముట్టదు. దీన్ని నిరాకరణగా లెక్కించకూడదు. తరువాతి కుబుసాల ముందు కూడా కళ్లు నీలి మసకబారిన రోజుల్లో చాలా పాములు తినవు. కుబుసం విడిచాక మళ్లీ తింటాయి.

అసలు చిక్కు ఎర ఎంపికలో ఉంది. ఏది ఆహారమో పాము ప్రధానంగా వాసన ద్వారా గుర్తిస్తుంది. నాలుక చాచి గాలిలోని రసాయన కణాలను అందుకుని, నోటి పైకప్పులో ఉన్న జాకబ్సన్ అవయవానికి చేరుస్తుంది. ఈ గుర్తింపు చాలావరకు పుట్టుకతోనే వస్తుందని అమెరికన్ శాస్త్రవేత్త గార్డన్ బర్గార్ట్ 1960లలో చేసిన ప్రయోగాలు చూపాయి. అంతవరకూ ఏమీ తినని గార్టర్ పాము పిల్లలకు రకరకాల జీవుల వాసన పట్టించిన దూది ముక్కలను ఆయన చూపారు. తమ జాతి సహజంగా తినే జీవుల వాసనకే అవి నాలుక ఎక్కువసార్లు చాచాయి, దూది మీద దాడి కూడా చేశాయి. 1977లో స్టీవన్ ఆర్నాల్డ్ మరో అడుగు ముందుకు వేశారు. కాలిఫోర్నియా తీరప్రాంతపు గార్టర్ పాములకు పుట్టిన పిల్లలు నత్తజాతి స్లగ్‌లను ఆబగా తిన్నాయి. స్లగ్‌లు లేని లోతట్టు ప్రాంతపు పాముల పిల్లలు వాటిని ముట్టలేదు. ఒకే జాతిలో కూడా రుచి ప్రాంతాన్ని బట్టి వారసత్వంగా మారుతుందని దీనితో తేలింది.

కార్న్ స్నేక్ పిల్లలు అడవిలో మొదట పట్టేది చిన్న బల్లులను, చెట్టుకప్పలను. ఎలుకలకు అలవాటు పడేది పెరిగిన తరువాతే. పెంపకంలో మాత్రం మొదటి పూటే వాటి ముందు పింకీ పెడతారు. పింకీ అంటే వెంట్రుకలు మొలవని, అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్ల. చాలా పిల్లలు దాన్ని వెంటనే మింగేస్తాయి. కొన్నిటికి అది ఆహారంగానే తోచదు. బాల్ పైథాన్ల విషయంలోనూ ఇలాంటి తేడా ఉంది. ఈ జాతి సహజ ఆహారాన్ని లుకా లూయిసెల్లి, ఫ్రాన్సెస్కో ఆంజెలీచి ఆగ్నేయ నైజీరియాలో పరిశీలించి 1998లో వివరించారు. చిన్న పాములు, మగ పాములు ఎక్కువగా పక్షులను తిన్నాయి. పెద్ద ఆడ పాములు ఎలుకజాతి జీవులను తిన్నాయి. ఈ రెండు ఉదాహరణల్లోనూ ఎలుకను నిరాకరించిన పిల్ల ఆరోగ్యంగానే ఉండవచ్చు. అది ఎదురు చూసే ఎర వేరు, అంతే.

మూడో మూలం భయం. చిన్న పాముకు అడవిలో పక్షులు, ముంగిసలు, ఇతర పాములు అన్నీ శత్రువులే. ఎర మింగే సమయంలో పారిపోవడానికీ ఎదిరించడానికీ వీలుండదు కాబట్టి, చాటు లేని చోట పిల్ల ఎరకు నోరు తెరవదు. కొత్త ఇంటికి తెచ్చిన మొదటి వారంలో రోజూ చేతిలోకి తీసుకోవడం, పెట్టెను టీవీ పక్కన పెట్టడం, రెండు రోజులకోసారి ఎరను ముఖం ముందు ఆడించడం ఆ భయాన్ని పెంచుతాయి.

వీటికి తోడు పుట్టుకతో వచ్చే లోపాలు కొన్ని ఉన్నాయి. బాల్ పైథాన్లలో రంగుల కోసం ఎంచి పెంచిన స్పైడర్ అనే రకం పాములు తల వణికిస్తూ, దిక్కు తప్పి మెలితిరుగుతూ ఉంటాయి. వాటి లోపలి చెవి నిర్మాణంలోనే లోపం ఉందని స్కానింగ్ పరిశీలనల్లో బయటపడింది. ఇలాంటి పిల్ల ఆకలితో ఉన్నా ఎరను గురి చూసి అందుకోలేక పోతుంది. ఈ సమస్యను నివాసం మార్చి సరిచేయలేం. ఆ రకాన్ని పుట్టించకపోవడమే మార్గం.

నివాసం: వేడి

పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. జీర్ణరసాల పనీ, వ్యాధినిరోధక శక్తీ బయటి వేడి మీదే ఆధారపడతాయి. చల్లని పెట్టెలో ఉన్న పాము ఎర మింగినా, కడుపులో అది అరిగేలోగా కుళ్లడం మొదలవుతుంది. అందువల్ల పెట్టెలో ఒక వైపు వెచ్చగా, మరో వైపు చల్లగా ఉంచి, పాము తనకు కావలసిన చోటికి జరిగేలా చూడాలి. బాల్ పైథాన్ పిల్లకు వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 24 నుంచి 26 డిగ్రీలు ఉండాలి. కార్న్ స్నేక్‌కు వెచ్చని వైపు 28 నుంచి 30, చల్లని వైపు 22 నుంచి 24 డిగ్రీలు సరిపోతాయి.

వేడి తగ్గడం ఎంత చేటో, అదుపు లేని వేడి అంత చేటు. పాములు వేడెక్కిన తలం మీద చర్మం కాలేదాకా కదలకుండా పడి ఉండడం పశువైద్యులు తరచుగా చూసే సంగతి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్లు, కరెంటుతో వేడెక్కే రాళ్లు పొట్ట మీద లోతైన కాలిన గాయాలు చేస్తాయి. వేడినిచ్చే ప్రతి పరికరానికీ థర్మోస్టాట్ ఉండాలి, దాని ప్రోబ్ పాము పడుకునే చోటనే ఉండాలి. గోడకు అంటించే ముల్లు థర్మామీటర్ పాము ఒంటికి తగిలే వేడిని చూపదు. తినడం లేదన్న ఫిర్యాదుతో వచ్చే పిల్లల విషయంలో మొదట చూడవలసింది ఈ కొలతే.

తేమ, చాటు, పరుపు

బాల్ పైథాన్‌కు 55 నుంచి 65 శాతం గాలి తేమ కావాలి. కుబుసం విడిచే రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ ఉంటే మంచిది. కార్న్ స్నేక్‌కు 40 నుంచి 55 శాతం చాలు. పైకప్పు అంతా జాలీగా ఉన్న గాజు పెట్టెలో, పైన వేడి దీపం వెలుగుతుంటే తేమ త్వరగా ఎగిరిపోతుంది. అప్పుడు కుబుసం ముక్కలుగా ఊడుతుంది. కంటి మీది పొర ఊడకుండా మిగులుతుంది. తోక చివర కుబుసం వలయంలా బిగుసుకుని రక్తప్రసారాన్ని ఆపుతుంది. ఈ పొరలను గోటితో లాగకూడదు. గోరువెచ్చని తడి గుడ్డ ఉంచిన డబ్బాలో పిల్లను కాసేపు ఉంచితే చాలావరకు వదులవుతాయి. తడి నాచు నింపిన మూత డబ్బాకు చిన్న రంధ్రం చేసి పెట్టెలో శాశ్వతంగా ఉంచితే, పాము అవసరమైనప్పుడు అదే అందులోకి వెళుతుంది.

తేమ పెంచాలన్న ఆత్రంతో పరుపు తడిసి ముద్దయ్యేలా నీళ్లు చల్లడం మరో తప్పు. గాలి ఆడని తడిలో పొట్ట పొలుసుల కింద నీటిబుడగలు లేస్తాయి, ముక్కు వెంట చీమిడి కారుతుంది, నోరు తెరిచి ఊపిరి పీల్చడం మొదలవుతుంది. కావలసింది తేమగల గాలి. పరుపు పైభాగం పొడిగానే ఉండాలి.

పరుపుగా కార్న్ స్నేక్‌కు ఆస్పెన్ చెక్క పొట్టు, బాల్ పైథాన్‌కు కొబ్బరి పీచు ముక్కలు బాగా పనికివస్తాయి. దేవదారు చెక్క పొట్టులోని ఘాటైన నూనెలు పాములకు హాని చేస్తాయి, దాన్ని వాడకూడదు. కొత్తగా తెచ్చిన పిల్లను మొదటి రెండు మూడు నెలలు తెల్ల కాగితపు తువాళ్ల మీద ఉంచడం మేలు. మలం, మైట్లు, కక్కిన తిండి వెంటనే కనిపిస్తాయి.

చాటుకు వాడే డబ్బాలు కనీసం రెండు ఉండాలి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి. ఒకటే ఉంటే పిల్ల వేడికీ భద్రతకూ మధ్య ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుంది. అది ఎక్కువగా వదులుకునేది వేడినే. చాటు ఇరుకుగా, చుట్టుకున్న ఒంటికి నాలుగు వైపులా తగిలేలా ఉండాలి. నీటి గిన్నె ఎప్పుడూ నిండుగా, శుభ్రంగా ఉండాలి.

ఒక పెట్టెలో ఒకే పిల్లను ఉంచాలి. కార్న్ స్నేక్ పిల్లలు ఒకదాన్ని మరొకటి మింగిన సందర్భాలున్నాయి. బాల్ పైథాన్లలో అంత ప్రమాదం లేకపోయినా, మంచి చాటును ఒకటి ఆక్రమించుకుని రెండోది నక్కి ఉంటుంది. తినడం మానేసేది ఆ రెండోదే. ఏది కక్కిందో, ఏది విసర్జించిందో తెలుసుకునే వీలూ పోతుంది. పెట్టె మూతకు గట్టి గొళ్లెం తప్పనిసరి, తల పట్టే సందులోంచి పిల్ల ఒళ్లంతా దూరిపోతుంది.

స్థలం ఎంత అన్న వివాదం

వ్యాపార స్థాయిలో పెంచేవారు పిల్లలను అరల్లో పేర్చిన చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంచుతారు. ఇరుకులో పిల్ల భయం లేకుండా తింటుందని వారి అనుభవం. జంతు సంక్షేమం కోరేవారు దీన్ని ఒప్పుకోరు. క్లిఫర్డ్ వార్విక్ బృందం 2019లో ప్రచురించిన పరిశీలనలో, గంటసేపు గమనించిన 65 పాముల్లో 24 ఒళ్లు నిటారుగానో, దాదాపు నిటారుగానో చాచాయి. పాము ఒళ్లు పూర్తిగా చాచుకునేంత నిడివి పెట్టెకు ఉండాలన్నది ఆ బృందం వాదం. 2021లో ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్న్ స్నేక్‌లకు చిన్న పెట్టె, పెద్ద పెట్టె రెండూ అందుబాటులో ఉంచి చూశారు. ఎంచుకునే అవకాశం దొరికిన పాములు పెద్ద పెట్టె వైపు మొగ్గాయి. అంతకుముందు 2006లో ఆల్మ్లి, బర్గార్ట్ చేసిన అధ్యయనంలో, కొమ్మలూ చాటులూ ఉన్న పెట్టెల్లో పెరిగిన ర్యాట్ స్నేక్‌లు కొత్త పరిస్థితులకు త్వరగా అలవాటు పడ్డాయి.

రెండు వాదాల్లోనూ నిజం ఉంది, వాటిని కలపడమూ సాధ్యమే. పిల్ల భయపడేది ఖాళీకి. ఆకులు, బెరడు ముక్కలు, కొమ్మలు, డబ్బాలతో నిండుగా సర్దిన పెద్ద పెట్టెలో పిల్ల ఒక చాటు నుంచి మరో చాటుకు తల బయటపడకుండా తిరగగలదు. అలాంటి పెట్టెలో అది తింటుంది, కదులుతుంది, కండ పెంచుకుంటుంది. నాలుగు గాజు గోడలు, ఒక నీటి గిన్నె మాత్రమే ఉన్న పెద్ద పెట్టెలో మూల నక్కి పస్తుంటుంది.

తినని పిల్లను దారికి తెచ్చే క్రమం

కొత్త పిల్లను మొదటి అయిదు నుంచి ఏడు రోజులు ముట్టుకోకుండా వదిలేయాలి. వేడి, తేమ కొలిచి సరిచూడాలి. ఆ తరువాతే మొదటి ఎర. ఎర మందం పిల్ల ఒంటి మధ్యభాగపు మందాన్ని పెద్దగా మించకూడదు. కార్న్ స్నేక్‌కు చిన్న పింకీ, బాల్ పైథాన్‌కు నూగు వచ్చిన చిట్టెలుక పిల్ల సరిపోతాయి. రెండు పూటల మధ్య అయిదు నుంచి ఏడు రోజులు గడవాలి.

గడ్డకట్టించి నిల్వ చేసిన ఎలుకలనే వాడడం మంచిది. బతికున్న ఎలుక తిరగబడి పామును కరుస్తుంది, కళ్లు పోగొట్టిన సందర్భాలూ ఉన్నాయి. నిల్వ ఎలుకను ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరగనిచ్చి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి వేడినీటిలో ముంచి, 38 నుంచి 40 డిగ్రీల దాకా వెచ్చబరచాలి. మైక్రోవేవ్ కొన్ని భాగాలను ఉడికించి, కొన్నిటిని చల్లగానే వదిలేస్తుంది. బాల్ పైథాన్ పెదవుల మీది గుంటలు వేడిని పసిగట్టే అవయవాలు కాబట్టి, చల్లని ఎలుకను అది ఎరగా గుర్తించకపోవచ్చు. కార్న్ స్నేక్‌కు ఆ గుంటలు లేవు, అది వాసననే నమ్ముకుంటుంది.

పిల్ల తినకపోతే ఒక్కొక్క మార్పే చేస్తూ పోవాలి. సంధ్య దాటాక, దీపాలు ఆర్పి, పొడవాటి పటకారుతో ఎరను చాటు ద్వారం దగ్గర చూపాలి. అందుకోకపోతే అక్కడే వదిలి తెల్లవారి చూడాలి. తరువాతి వారం పిల్లను, ఎరను కలిపి గాలి రంధ్రాలున్న చిన్న డబ్బాలో, వెచ్చని వైపు రాత్రంతా ఉంచి చూడాలి. ఆపై ఎరను కడిగి దాని సొంత వాసన తగ్గించవచ్చు. పింకీ తలకు గాటు పెట్టి మెదడు వాసన బయటపడేలా చేయడం చాలా పిల్లల విషయంలో ఫలిస్తుంది. కార్న్ స్నేక్ పిల్లకైతే బల్లి వాసన పట్టించవచ్చు. అడవి బల్లుల్లో పరాన్నజీవులు ఉంటాయి కాబట్టి ముందుగా గడ్డకట్టించిన బల్లినే ఇందుకు వాడాలి. మొండి బాల్ పైథాన్ పిల్లలకు కోడిపిల్ల వాసనో, వాటి సొంత ఖండపు ఎలుక అయిన ఆఫ్రికన్ సాఫ్ట్ ఫర్ ర్యాట్ పిల్లలో దారి చూపిస్తాయి. ఒకసారి తిన్న పిల్లకు వాసన కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే, కొన్ని పూటల్లో మామూలు ఎలుకకు అలవాటు పడుతుంది.

ఈ ప్రయత్నాలన్నిటికీ బరువు లెక్కే ఆధారం. ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసుతో వారానికోసారి తూచి, తేదీతో రాసుకోవాలి. కార్న్ స్నేక్ పిల్లకు గ్రాములో పదో వంతు చూపే త్రాసు అవసరం. బరువు నిలకడగా ఉన్నంతకాలం ఓపిక పట్టవచ్చు. పదో వంతు తగ్గితే, వెన్నెముక పైకి తేలితే, చర్మం మడతలు పడితే సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

చివరి మెట్టు సాయం పట్టడం: ఎర తలను పిల్ల నోట్లో మృదువుగా ఆనించి, అది పట్టుకోగానే చేతులు తీసి కదలకుండా ఉండడం. దానికీ లొంగకపోతే గొట్టం ద్వారా ద్రవాహారం ఎక్కించడం వైద్యుని పని. అలవాటు లేని చేతుల్లో ఆహారనాళం చిరుగుతుంది, ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు రెండో వారంలోనే బలవంతంగా తినిపించడం సాయం కాదు. ఆ తరువాత అది ఎరను చూసి పారిపోవడం నేర్చుకుంటుంది.

తిన్నది కక్కడం

కక్కడం తినకపోవడం కన్నా ప్రమాదకరం. కడుపులోని ఆమ్లం, నీరు, లవణాలు ఒక్కసారిగా బయటికి పోతాయి, ఆహారనాళం ఒరుసుకుపోతుంది. ఎర మరీ పెద్దది కావడం, పెట్టె చల్లబడడం లేదా మితిమీరి వేడెక్కడం, తిన్న 48 గంటల్లోగా పిల్లను చేతిలోకి తీసుకోవడం దీనికి సాధారణ కారణాలు. ఒకసారి కక్కిన పిల్లకు పది నుంచి పద్నాలుగు రోజులు నీరు తప్ప ఏమీ ఇవ్వకూడదు. ఆ తరువాత మామూలులో సగం పరిమాణపు ఎర ఇవ్వాలి. ఆకలితో ఉందని జాలిపడి మర్నాడే మళ్లీ పెడితే మళ్లీ కక్కుతుంది, అలా మూడు నాలుగు సార్లు జరిగితే పిల్ల దక్కదు.

నివాసం సరిగా ఉండీ పదే పదే కక్కుతుంటే పరాన్నజీవిని అనుమానించాలి. క్రిప్టోస్పోరిడియం సర్పెంటిస్ కడుపు గోడలను దళసరి చేస్తుంది, నడుమ వాపు పైకి కనిపిస్తుంది. దీన్ని పూర్తిగా తొలగించే మందు లేదు. అది సోకిన పామును మిగతావాటికి దూరంగా ఉంచడం తప్పనిసరి.

జబ్బులు, మనుషుల ఆరోగ్యం

కొత్త పాముతో ఇంట్లోకి వచ్చే వాటిలో ముందుగా కనిపించేది ఓఫియోనిస్సస్ నాట్రిసిస్ అనే నల్ల మైట్. పొలుసుల సందుల్లో, కంటి చుట్టూ చేరి రక్తం పీలుస్తుంది. నీటి గిన్నెలోనే రోజంతా మునిగి ఉండే పిల్లను ఈ అనుమానంతో చూడాలి. కొండచిలువలను, బోవాలను చంపే ఇంక్లూజన్ బాడీ డిసీజ్‌కు అరీనావైరస్‌ల వర్గంతో సంబంధం ఉందని 2012లో వెల్లడైంది. బాల్ పైథాన్లలో తీవ్రమైన శ్వాసకోశ జబ్బు ఉన్నచోట నిడోవైరస్‌ను 2014లో గుర్తించారు. కొత్త పామును రెండు మూడు నెలలు వేరే గదిలో, వేరే పనిముట్లతో ఉంచమనే నియమం వెనుక ఉన్న కారణాలు ఇవే.

పాములు, వాటికి పెట్టే నిల్వ ఎలుకలు సాల్మొనెల్లాను మోసుకొస్తాయి. పామును గాని పెట్టెను గాని ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వంటింటి సింకులో నీటి గిన్నె కడగకూడదు. అయిదేళ్లలోపు పిల్లలు ఉన్న ఇంట్లో సరీసృపాలు ఉండరాదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సలహా.

భారతదేశంలో పరిస్థితి

దేశంలో సహజంగా ఉండే పాములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తుంది. కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉంది. పెరట్లో దొరికిన పాము పిల్లను పెంచుకోవడం నేరం, దాన్ని అటవీశాఖకో గుర్తింపు ఉన్న పాముల సంరక్షకులకో అప్పగించాలి. విదేశీ జాతుల విషయంలో కేంద్ర పర్యావరణ శాఖ 2020లో స్వచ్ఛంద వెల్లడి అవకాశం ఇచ్చింది. 2022 సవరణ చట్టం అంతర్జాతీయ ఒప్పంద పరిధిలోని జీవులకు ప్రత్యేక షెడ్యూలు చేర్చింది, 2024 నియమాలు వాటి నమోదును తప్పనిసరి చేశాయి. బాల్ పైథాన్ ఈ కోవలోకే వస్తుంది. అయినా చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల పెట్టెల్లో బాల్ పైథాన్లు పట్టుబడుతూనే ఉన్నాయి. గుడ్డ సంచుల్లో కుక్కి తెచ్చిన ఈ పిల్లలు నీరు, వేడి లేక నీరసించి ఉంటాయి. దొంగ దారిలో కొన్నవారు వైద్యుని దగ్గరకు తీసుకురావడానికి జంకుతారు. ఆ జంకుకు మూల్యం చెల్లించేది పాము పిల్లే.

తెలుగునాట నాగులచవితికి పుట్టలో పాలు పోయడం భక్తితో కూడిన ఆచారం. పాముకు పాలు ఆహారం మాత్రం కాదు. పాల చక్కెరను అరిగించుకునే ఏర్పాటు దాని శరీరంలో లేదు. దాహంతో అలమటించే పాము ఏ ద్రవం దొరికినా తాగవచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. నీరసించిన పాము పిల్లకు ఇవ్వవలసింది మంచినీరు, వెచ్చని చోటు.

తేలినవి, తేలవలసినవి

వెచ్చని, చల్లని వైపులు రెండూ ఉండాలని, చాటు తప్పనిసరని, బతికున్న ఎలుకలు వద్దని, కక్కిన తరువాత వ్యవధి ఇవ్వాలని దాదాపు అందరూ అంగీకరిస్తున్నారు. అతినీలలోహిత దీపాల విషయంలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. 2008 అధ్యయనంలో ఆ వెలుగు తగిలిన కార్న్ స్నేక్‌ల రక్తంలో విటమిన్ డి పెరిగింది. 2013లో బాల్ పైథాన్లపై జరిగిన అధ్యయనంలో అలాంటి ప్రభావం కనిపించలేదు. ఎంత తరచుగా తినిపించాలన్నదీ చర్చలో ఉంది. త్వరగా పెంచాలని వెంటవెంటనే మేపితే పాము కొవ్వు పట్టి కాలేయం చెడగొట్టుకుంటుందన్న హెచ్చరికకు ఇప్పుడు బలం పెరుగుతోంది. పెట్టె పరిమాణంపై ప్రయోగాలు ఎక్కువగా పెరిగిన పాముల మీదే జరిగాయి. మొదటి ఏడాది పిల్లల మీద అలాంటి పరిశీలనలు మరిన్ని జరగవలసి ఉంది. అవి వచ్చేదాకా పెంపకందారుకు నమ్మకమైన ఆధారాలు మూడు: సరిగా అమర్చిన థర్మోస్టాట్, వారం వారం బరువు రాసుకునే పుస్తకం, తొందరపడని ఓపిక.